తామర చికిత్సలో మూలిక, మాత్ర – సంయోగ విచారణ

మన ఇళ్ళలో వైద్యుని దాకా పోకుండానే చికిత్స మొదలయ్యే వ్యాధులలో తామర ముఖ్యమైనది. పెద్దలు వేపాకు నూరి పట్టు వేయమంటారు. ఇరుగుపొరుగు పసుపు, కొబ్బరినూనె చెబుతారు. ఇంటి యజమాని మందుల షాపులో ఒక ట్యూబు కొని తెస్తాడు. పది దినాలలో గుణం కనబడకపోతే ఇవన్నీ ఒకే శరీరం మీద, ఒకే పూట ప్రయోగింపబడతాయి. పైన వేపనూనె, దాని మీద క్రీము, కడుపులోకి మాత్ర, మాత్రతోపాటు గంధక రసాయనం. రెండు మందులు కలిస్తే గుణం రెండింతలగునన్న భావన దీనికంతకు మూలం.

ఈ భావనలో కొంత సత్యమున్నది, కొంత ప్రమాదమున్నది. మూలికలలోని కొన్ని సత్త్వాలు ఆధునిక ఔషధాల శక్తిని పెంచగలవని ప్రయోగశాలలలో తేలినది. మరికొన్ని కలయికలు మందును వ్యర్థం చేస్తాయి. ఇంకొన్ని కాలేయానికి చేటు తెస్తాయి. ఏ కలయిక ఏ కోవకు చెందినదో గృహస్థులు తెలుసుకొనుట అవసరం గనుక ఈ విషయాన్ని పాఠరూపంలో క్రమంగా వివరిస్తున్నాను.

ప్రాచీనులు చెప్పిన దద్రువు

చరకాచార్యులు కుష్ఠరోగాలను 18 విధాలుగా విభజించి, వాటిలో 7 మహాకుష్ఠాలని, 11 క్షుద్రకుష్ఠాలని నిర్ణయించినారు. దద్రువును క్షుద్రకుష్ఠాలలో చేర్చి, అది పిత్తకఫ ప్రధానమని చెప్పినారు. సుశ్రుతాచార్యులు దానినే మహాకుష్ఠాలలో లెక్కించినారు. ఇక్కడ కుష్ఠమనగా నేటి వాడుకలోని కుష్ఠువ్యాధి ఒక్కటే కాదు. అనేక చర్మవికారాలకు అది సామాన్య నామం. దురద, ఎరుపు, చిన్న పొక్కులు, ఉబ్బిన అంచుతో గుండ్రంగా వ్యాపించే మండలం – ఇవి దద్రువు లక్షణాలు. మన తామర చాలావరకు ఇదే.

సుశ్రుత సంహిత నిదానస్థానంలో మరొక ముఖ్య విషయమున్నది. తరచు తాకుట, కలిసి భుజించుట, ఒకే పడకపై శయనించుట, ఒకరి వస్త్రాలు, మాలలు, లేపనాలు మరొకరు వాడుట వలన కుష్ఠం మొదలైన వ్యాధులు మనిషి నుండి మనిషికి సంక్రమిస్తాయని అందు చెప్పబడినది. సూక్ష్మదర్శిని లేని కాలంలో చెప్పిన ఈ మాటను, ఇంటిల్లిపాది ఒకే తువ్వాలు వాడుకొనే కుటుంబాలు నేటికీ మననం చేసుకొనవలసి ఉన్నది.

క్రిమిరోగాల చికిత్సకు చరక సంహిత మూడు మార్గాలు చూపినది. మొదటిది అపకర్షణం, అనగా క్రిమిని తీసివేయుట. రెండవది ప్రకృతివిఘాతం, అనగా క్రిమి వృద్ధి పొందే పరిస్థితిని చెరచుట. మూడవది నిదానపరివర్జనం, అనగా వ్యాధికారణాన్ని వదలుట. ఈ మూడింటిని కలిపి ఆచరించినప్పుడే వ్యాధి తిరుగబెట్టదు. మనం మాత్రం మాత్ర, లేపనం అనే రెండవ మార్గాన్నే పట్టుకొని, తక్కిన రెండింటిని మరచినాము.

శిలీంధ్రం, దాని కోటగోడ

తామరకు కారణం శిలీంధ్రం, అనగా బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి. ఇది చర్మం పైపొరలో, వెండ్రుకలలో, గోళ్ళలో ఉండే కెరటిన్ అనే పదార్థాన్ని ఆహారంగా తీసుకొని బ్రతుకుతుంది. చెమట, ఒరపిడి, తడి ఉన్న తావు దీనికి ఇష్టం. అందువలననే గజ్జలు, చంకలు, నడుము మడతలు, రొమ్ముల క్రింది భాగం, కాలివేళ్ళ సందులు దీనికి నెలవులు. శోభిమచ్చలు, నోటిలో తెల్లగా పేరుకొనే పూత, స్త్రీలకు దురదతో కూడిన తెల్లమైల కూడా శిలీంధ్రజాతి వ్యాధులే. కాని వాటికి కారణమైన జీవులు వేరు.

శిలీంధ్ర కణానికి బయట గట్టి గోడ, లోపల పలుచని పొర ఉంటాయి. ఈ పొరను నిలిపి ఉంచేది ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం. మన శరీర కణాలలో ఆ పనిని కొలెస్టరాల్ చేస్తుంది. ఈ చిన్న భేదమే నేటి మందులలో అధికభాగానికి ఆధారం. మనిషికి హాని తక్కువగా, శిలీంధ్రానికి హాని ఎక్కువగా ఉండునట్లు ఎర్గోస్టెరాల్‌ను గురిపెట్టినారు.

టెర్బినఫిన్ అనే మందు ఎర్గోస్టెరాల్ తయారయ్యే క్రమంలో తొలి మెట్లలో ఒకదానిని అడ్డగిస్తుంది. క్లోట్రిమజోల్, ఫ్లూకోనజోల్, ఇట్రాకోనజోల్ మొదలైన 'అజోల్' జాతి మందులు అదే క్రమంలో తరువాతి మెట్టును అడ్డగిస్తాయి. 1950లో వెలుగుచూసిన నిస్టాటిన్, ఆ తరువాత వచ్చిన ఆంఫోటెరిసిన్ బి, తయారైన ఎర్గోస్టెరాల్‌నే పట్టుకొని పొరను ఛిద్రం చేస్తాయి. గ్రైసియోఫుల్విన్ మార్గం వేరు. అది శిలీంధ్ర కణం విభజన చెందకుండా ఆపుతుంది. ఇది 1939లో పెన్సిలియం జాతి బూజు నుండి వేరుచేయబడిన పదార్థం. నిస్టాటిన్, ఆంఫోటెరిసిన్ కూడా మట్టిలోని సూక్ష్మజీవుల నుండి లభించినవే. కనుక ఆధునిక ఔషధమంతయు కృత్రిమమని, మూలిక మాత్రమే ప్రకృతిదత్తమని భావించుట సరికాదు.

మందుకు లొంగని తామర

ఒకప్పుడు 2 నుండి 4 వారాలు లేపనం పూస్తే తామర తగ్గేది. గత పది, పదిహేను సంవత్సరాలుగా మన దేశంలో ఆ స్థితి మారినది. వ్యాధి వెడల్పుగా వ్యాపిస్తున్నది, తగ్గినట్లే తగ్గి తిరిగి వస్తున్నది, ఇంటిలో అందరికీ అంటుతున్నది. ఇందుకు కారణమైన ఒక శిలీంధ్రానికి 2020లో 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే' అని శాస్త్రజ్ఞులు పేరు పెట్టినారు. పేరులోనే మన దేశమున్నది. ఈ జాతిలో చాలా శిలీంధ్రాలు టెర్బినఫిన్‌కు లొంగవు. ఆ మందు అంటుకొనవలసిన ఎంజైము ఆకృతి జన్యుమార్పు వలన మారుటయే దానికి హేతువు. బీగం లోపలి భాగం మారితే పాత తాళంచెవి పట్టదు గదా. 2023లో అమెరికాలోని న్యూయార్కులో సైతం ఈ వ్యాధిగ్రస్తులు ఉన్నట్లు ఆ దేశ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

శిలీంధ్రం మందును తప్పించుకొనే మార్గం మరొకటి కలదు. కణం పొరలో కొన్ని మాంసకృత్తులు పంపుల వలె పనిచేసి, లోపలికి వచ్చిన మందును బయటకు తోడివేస్తాయి. పడవలో చేరిన నీటిని ఎప్పటికప్పుడు తోడిపోసే మనిషి ఉన్నంతవరకు పడవ మునగదు. అట్లే ఈ పంపులు పనిచేయునంతవరకు మందు ఫలించదు. నోటిపూత కలిగించే కాండిడా శిలీంధ్రంలో 'సి.డి.ఆర్.1' అనే ఇటువంటి పంపును గురించి 1995లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన రాజేంద్ర ప్రసాద్ మరియు సహచరులు లోకానికి తెలిపినారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారిగా ప్రమాదకర శిలీంధ్రాల పట్టికను ప్రకటించవలసి వచ్చినదంటే సమస్య ఎంత పెద్దదో గ్రహింపవచ్చును.

కొత్త మందులు త్వరగా రావు. మన కణాలకు, శిలీంధ్ర కణాలకు పోలిక ఎక్కువ గనుక ఒకదానికి విషమైనది రెండవదానికి కూడా విషమగుట సులభం. అందువలననే ఉన్న మందుల పాటవాన్ని మూలికల తోడ్పాటుతో పెంచగలమా అన్న పరిశోధన మొదలైనది.

సంయోగమనగా నేమి?

ఆహారవిధిని నిర్ణయించే ఎనిమిది అంశాలలో చరకాచార్యులు సంయోగాన్ని ఒకటిగా పేర్కొన్నారు. రెండు లేక అంతకు మించిన ద్రవ్యాలు కలిసినప్పుడు, విడివిడిగా దేనిలోను లేని గుణం పుట్టుటయే సంయోగ విశేషం. తేనె మంచిది, నెయ్యి మంచిది. రెండూ సమపాళ్ళలో కలిస్తే అహితమని శాస్త్రం. అనగా కలయిక మేలునూ చేయవచ్చు, కీడునూ చేయవచ్చు. ఆ ఎనిమిదింటిలోనే రాశి (పరిమాణం), కాలం కూడా ఉన్నవి. ఏది కలిపినామన్నదే కాక, ఎంత, ఎప్పుడు కలిపినామన్నది కూడా విచారింపవలెను.

మన శాస్త్రంలో యోగవాహి అనే మాట కలదు. తాను కలిసిన ద్రవ్యం యొక్క గుణాన్ని మోసుకొనిపోయి దానికి బలం చేకూర్చునది యోగవాహి. తేనె, పిప్పలి అటువంటివి. ఈ భావానికి నేటి శాస్త్రంలోను నిదర్శనాలు దొరికినవి. 1998లో బెంగుళూరులో జరిగిన పరిశోధనలో, 2 గ్రాముల కర్కుమిన్ (పసుపు సత్త్వం)తోపాటు మిరియాలలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు, మనుషులలో కర్కుమిన్ లభ్యత సుమారు 20 రెట్లు పెరిగినది. క్షయవ్యాధి మందైన రిఫాంపిసిన్‌ను పైపరిన్‌తో కలిపి, 450 మిల్లీగ్రాములకు బదులు 200 మిల్లీగ్రాములతో పని జరుగునట్లు రూపొందించిన మందు మన దేశంలోనే తయారైనది.

ప్రయోగశాలలలో సంయోగాన్ని కొలిచే పద్ధతి ఇది. చదరంగపు గడుల వంటి పలక మీద రెండు మందులను వేర్వేరు పరిమాణాలలో కలిపి శిలీంధ్రాన్ని పెంచుతారు. ఒక్కొక్క మందు విడిగా ఎంత కావలెనో, కలిసినప్పుడు ఎంత చాలునో లెక్కకడతారు. ఒక్కొక్కటి తన పరిమాణంలో నాలుగవ వంతుకే పనిచేసినచో నాలుగవ వంతు, నాలుగవ వంతు కలిసి 0.5 అగును. ఈ సంఖ్య 0.5 గాని అంతకు తక్కువ గాని అయితే పరస్పర బలం, 4 దాటితే పరస్పర విరోధం. నడుమ ఉంటే చెప్పదగిన విశేషం లేదని అర్థం. మన ఇళ్ళలో రెండు మందులు కలిపి "బాగా పనిచేసినది" అనుకొనే సందర్భాలు అనేకం ఈ నడిమి కోవలోనివే కావచ్చును.

మూలికా సత్త్వాలు చూపిన గుణాలు

1. మానుపసుపు (దారుహరిద్ర): ఇందలి పసుపురంగు సత్త్వం బెర్బరీన్. ఫ్లూకోనజోల్‌కు లొంగని కాండిడా శిలీంధ్రంపై బెర్బరీన్, ఫ్లూకోనజోల్ కలిపి ప్రయోగించినప్పుడు గట్టి పరస్పర బలం కలిగినట్లు 2006లో చైనా పరిశోధకులు ప్రకటించినారు.

2. వాము: వామునుండి తీసిన స్ఫటికమే మనమెరిగిన వాముపువ్వు. దాని శాస్త్రనామం థైమాల్. థైమాల్, దాని జాతికే చెందిన కార్వక్రాల్, కాండిడాలోని పంపులను అణచి ఫ్లూకోనజోల్‌కు తిరిగి పదును కలిగిస్తాయని ఢిల్లీ జామియా మిలియా ఇస్లామియా పరిశోధకులు 2013లో చూపినారు.

3. లవంగం: ఇందలి యూజినాల్ శిలీంధ్రపు పొరను దెబ్బతీస్తుంది. అజోల్ మందులతో కలిసి బలపడినట్లు ప్రయోగశాల ఫలితాలున్నవి.

4. పసుపు: కర్కుమిన్ కూడా అజోల్ మందులకు, ఆంఫోటెరిసిన్‌కు తోడ్పడినట్లు ప్రయోగశాలలలో కనబడినది.

5. వెల్లుల్లి: వెల్లుల్లి నుండి లభించే అజోయీన్ అనే పదార్థంతో చేసిన లేపనాన్ని 1990 దశకంలో వెనిజులా వైద్యులు తామర రోగులపై పరీక్షించి, టెర్బినఫిన్ లేపనానికి దీటైన ఫలితం వచ్చినదని చెప్పినారు. ఇది మనుషులపై జరిగిన పరీక్ష గనుక గమనింపదగినది. అయితే అది శుద్ధిచేసిన, పరిమాణం నిర్ణయించిన లేపనం. పచ్చి వెల్లుల్లి నూరి చర్మానికి కట్టినచో నిప్పుకాలినట్లు బొబ్బలెక్కును. అట్లు ఎన్నడూ చేయరాదు.

6. తగిరిస (చక్రమర్దం), సీమ అవిసె: తగిరిసకు సంస్కృతంలో దద్రుఘ్నమని పేరు. ఆ పేరే దాని పని. సీమ అవిసెను మనవారు మెట్టతామర అని కూడా అంటారు. ఈ చెట్ల ఆకులలో, గింజలలో క్రైసోఫనాల్ మొదలైన ఆంత్రక్వినోన్ జాతి పదార్థాలు ఉన్నవి. 19వ శతాబ్దిలో ఐరోపా వైద్యులు తామరకు వాడిన 'గోవా పొడి' ఈ కుటుంబపు పదార్థాలు గలదే. బ్రెజిల్ దేశపు చెట్టు నుండి తీసి, పోర్చుగీసువారి ద్వారా గోవాకు చేరినందున దానికి ఆ పేరు వచ్చినది.

ఇక సంయోగానికి పాతదైన మంచి ఉదాహరణ విట్‌ఫీల్డ్ లేపనం. 20వ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండు చర్మవైద్యుడు ఆర్థర్ విట్‌ఫీల్డ్ దీనిని ప్రచారంలోకి తెచ్చినారు. ఇందులో బెంజోయిక్ ఆమ్లం 6 శాతం, సాలిసిలిక్ ఆమ్లం 3 శాతం ఉంటాయి. మొదటిది ఆదిలో సాంబ్రాణి నుండి లభించినది; రెండవదాని మూలం విల్లో చెట్టు బెరడు. సాలిసిలిక్ ఆమ్లం పొలుసును ఊడదీస్తుంది, బెంజోయిక్ ఆమ్లం శిలీంధ్రాన్ని అణచుతుంది. చరకుడు చెప్పిన అపకర్షణం, ప్రకృతివిఘాతం ఒకే డబ్బాలో కలిసినవన్నమాట.

పరీక్షనాళిక వేరు, శరీరం వేరు

పైన చెప్పిన ఫలితాలలో అధికభాగం గాజుపాత్రలలో వచ్చినవి. వాటిని యథాతథంగా శరీరానికి అన్వయింపరాదు. బెర్బరీన్ నోటి ద్వారా తీసుకొంటే అందులో నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి చేరదు. గాజుపాత్రలో శిలీంధ్రాన్ని గెలిచిన పరిమాణం తొడ మీది తామర దాకా పోనే పోదు. మానుపసుపు కషాయం త్రాగి, ఫ్లూకోనజోల్ మాత్ర వేసుకొని, సంయోగఫలం కలుగుతుందనుకొనుట అందువలన భ్రమ. చర్మం, నోరు వంటి బయటి తావులలో మాత్రమే మూలికాసత్త్వాన్ని తగిన పరిమాణంలో చేర్చుటకు వీలున్నది.

మనుషులలో నిరూపితమైన సంయోగం ఎట్లుండునో చూడండి. మెదడు పొరలకు వచ్చే క్రిప్టోకాకస్ శిలీంధ్రవ్యాధిలో ఆంఫోటెరిసిన్‌తో ఫ్లూసైటోసిన్ అనే మందు కలిపి ఇచ్చినప్పుడు, ఆంఫోటెరిసిన్ ఒక్కటే ఇచ్చినదానికంటె మరణాలు తగ్గినట్లు 2013లో ప్రచురితమైన వియత్నాం పరిశోధన నిరూపించినది. రోగులను విభాగాలుగా చేసి, దినాలు లెక్కించి, మరణాలు లెక్కించి తేల్చిన మాట అది. మూలిక, మాత్ర కలయికకు ఆ స్థాయి నిరూపణ కలిగే వరకు, వైద్యుడు ఇచ్చిన మాత్ర పరిమాణాన్ని "మూలిక వాడుతున్నాము గదా" అని తగ్గించుకొనుట తగదు. సగం మందుతో చావని శిలీంధ్రమే రేపు మందుకు లొంగని శిలీంధ్రమగును.

విరోధానికి కూడా ఉదాహరణ కలదు. ఆంఫోటెరిసిన్ పనిచేయుటకు ఎర్గోస్టెరాల్ ఉండవలెను. అజోల్ మందులు ఎర్గోస్టెరాల్‌నే తగ్గిస్తాయి. ఒకటి తాడు కట్టవలసిన గుంజను మరొకటి పెరికివేసినట్లు, ప్రయోగశాలలలో ఈ రెండింటి నడుమ విరోధం కనబడినది. రెండు మంచి మందులైనా కలయిక మంచిది కాకపోవచ్చునని ఇందువలన తెలియుచున్నది.

కడుపులోకి మందు తీసుకొనువారికి హెచ్చరికలు

ఇంటింటా జరుగుతున్న పొరపాట్లు ఎక్కువగా ఇక్కడనే.

1. ఇట్రాకోనజోల్ గొట్టం మాత్రలు కడుపులో ఆమ్లం ఉన్నప్పుడే బాగా కరిగి ఒంటబడతాయి. అందుకే వాటిని భోజనంతో వేసుకొనమంటారు. ఆమ్లపిత్తానికి వాడే శంఖభస్మం, కపర్దికభస్మం, ప్రవాళపిష్టి సున్నపు జాతికి చెందినవి. ఇవి ఆమ్లాన్ని హరిస్తాయి. ఒకేసారి తీసుకొన్నచో ఖరీదైన మాత్ర వ్యర్థమగును. నడుమ కనీసం 2 గంటల ఎడం ఉండవలెను. కడుపు మంటకు వేసుకొనే ఇంగ్లీషు మాత్రలు, టానిక్కులు కూడా ఇట్టివే. వాటిని గురించి వైద్యునికి చెప్పవలెను.

2. గ్రైసియోఫుల్విన్ కొవ్వుగల ఆహారంతో బాగా ఒంటబడుతుంది. పాలు, నెయ్యిగల భోజనం తరువాత వేసుకొనుట మంచిది. మన శాస్త్రం ఘృతాన్ని అనుపానంగా చెప్పుటలోని ఔచిత్యం ఇక్కడ కనబడుతుంది.

3. టెర్బినఫిన్, అజోల్ మందులు కొందరిలో కాలేయాన్ని బాధిస్తాయి. ఈ మందులు వాడు కాలంలో పాదరసం, తామ్రం గల రసౌషధాలను (ఆరోగ్యవర్ధిని వంటివి) స్వయంగా వాడరాదు. కూరలో పసుపుకు దోషం లేదు. కాని అధిక మోతాదులో కర్కుమిన్, పైపరిన్ కలిపి చేసిన గొట్టం మాత్రల వలన కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఇటలీలో 2019లోను, ఆ తరువాత ఇతర దేశాలలోను వెలుగుచూసినవి. కన్నులు పచ్చబడుట, మూత్రం ముదురు రంగు, అన్నద్వేషం కనబడితే మందులన్నీ ఆపి వెంటనే వైద్యుని చూడవలెను.

4. ఇట్రాకోనజోల్, కీటోకోనజోల్ అనేక ఇతర మందులు శరీరంలో విరిగిపోకుండా ఆపి వాటి పరిమాణాన్ని రక్తంలో పెంచుతాయి. పైపరిన్‌కు కూడా అట్టి స్వభావమున్నది. గుండె, రక్తపోటు, కొలెస్టరాల్ మందులు వాడేవారు వీటికి తోడు త్రికటుచూర్ణాన్ని గాని, పిప్పలిని గాని ఔషధ మోతాదులో చేర్చుకొనరాదు. చారులో మిరియాలకు భయపడనక్కరలేదు.

5. మధుమేహానికి గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి ఫ్లూకోనజోల్ వలన చక్కెర మరీ పడిపోవచ్చును. ఆ దినాలలో కాకరరసం, మెంతులు అదనంగా మొదలుపెట్టరాదు. రక్తం పలుచబడుటకు వార్ఫరిన్ వాడేవారికి ఫ్లూకోనజోల్ వలన రక్తస్రావ భయమున్నది. వెల్లుల్లి మాత్రలు దానికి తోడు కారాదు.

6. ఇట్రాకోనజోల్ కొందరికి కాళ్ళవాపు, రక్తపోటు కలిగిస్తుంది. అతిమధురం కూడా అధికంగా వాడితే శరీరంలో ఉప్పును, నీటిని నిలుపుతుంది. దగ్గుకని రెండూ కలిపి వాడరాదు.

7. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారిలో ఇట్రాకోనజోల్ త్వరగా విరిగిపోయి నిష్ఫలమగును. చర్మవైద్యునికి క్షయ మందుల సంగతి తప్పక చెప్పవలెను.

పైపూతల క్రమం

ఇంటిలో నిరపాయంగా ఆచరింపదగిన విధానం ఇది.

ప్రక్షాళనం: రెండు గుప్పెళ్ళ వేపాకును ఒక లీటరు నీటిలో సగం మిగులునట్లు కాచి వడకట్టి, గోరువెచ్చగా అయిన పిదప ఆ నీటితో రోజుకొకసారి కడగవలెను. పొలుసు, చెమట, పాత లేపనం తొలగుట దీని ప్రయోజనం. శుభ్రమైన బట్టతో అద్ది, మడతలలో తడి లేకుండా బాగుగా ఆరనీయవలెను. రుద్దరాదు.

లేపనం: ఆరిన చర్మంపై వైద్యుడు చెప్పిన క్రీమును పూయవలెను. మచ్చ మీదనే కాక, అంచు దాటి 2 సెంటీమీటర్ల మేర పూయవలెను. శిలీంధ్రం అంచు వద్ద బయటకు పాకుతుంటుంది గనుక ఇది ముఖ్యం. మచ్చ కనబడకుండా పోయిన తరువాత కూడా మరి 2 వారాలు పూయుట మంచిది.

మూలికాకల్కం: తగిరిస గింజలను పుల్లని మజ్జిగలో నానబెట్టి మెత్తగా నూరి, క్రీము పూయని వేళలో అరగంటసేపు పట్టించి కడుగవచ్చును. ముందుగా ముంజేతి లోపలి వైపున రూపాయి బిళ్ళంత మేర పూసి, ఒక దినం చూడవలెను. మంట, ఎరుపు కలిగితే విడువవలెను. ముఖం, మర్మస్థానం, పుండు పడిన చోట వాడరాదు.

రెండింటిని అరచేతిలో కలిపి పూయరాదు. కానుగనూనె గాని వేపనూనె గాని ముందు పూసి దానిపై క్రీము పూస్తే, క్రీము చర్మానికి అందదు. వాముపువ్వు, లవంగతైలం శుద్ధరూపంలో చర్మాన్ని కాల్చును. వీటిని ఇంటిలో క్రీముకు కలుపరాదు.

నిదానపరివర్జనం: ఇంటిలో ఎవరెవరికి తామర ఉన్నదో వారందరికీ ఒకేసారి చికిత్స జరుగవలెను. తువ్వాలు, లోదుస్తులు, దుప్పట్లు వేర్వేరుగా ఉంచి, వేడినీటిలో ఉతికి, తిరగవేసి ఎండలో ఆరవేసి, ఇస్త్రీ చేయవలెను. తడి లోదుస్తులు, బిగువైన జీన్సు విడిచి వదులైన నూలుబట్టలు ధరించవలెను. లంగా బొందు నడుముపై ఒకే చోట ఒరుసుకొనకుండా చూడవలెను. మధుమేహులు చక్కెరను అదుపులో ఉంచవలెను.

దురద తగ్గించి రోగం పెంచే ట్యూబులు

మన దేశంలో తామర మొండిదగుటకు పెద్ద కారణాలలో ఒకటి, స్టిరాయిడ్ కలిసిన మిశ్రమ క్రీములను తెలియక వాడుట. ట్యూబుపై బీటామెథాసోన్, క్లోబెటాసోల్ అనే పేర్లు ఉన్నచో అది అట్టి క్రీము. రెండు దినాలలో దురద, ఎరుపు మాయమగును. కాని స్టిరాయిడ్ చర్మం యొక్క రక్షణశక్తిని అణచుట వలన శిలీంధ్రం లోలోపల పెరుగును. క్రీము ఆపగానే రెండింతలై లేచును. కొంతకాలానికి చర్మం పలుచబడి, తొడలపై చారలు పడును. 2018లో కేంద్రప్రభుత్వం ఇట్టి క్రీములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన తెచ్చినది. మూలికామందు పేరుతో అమ్ముడయ్యే లేపనం ఏదైనా ఒక్క దినంలో దురదను మాయం చేసినచో, దానిలో ఏమి కలిసినదో అని శంకింపవలెను.

ఇంటి వైద్యం చేయరాని సందర్భాలు

పిల్లల తలలో తామర, పిప్పిగోళ్ళు పైపూతలకు లొంగవు. వాటికి కడుపులోకి మందు కావలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, కాలేయవ్యాధి గలవారు, మధుమేహం అదుపులో లేనివారు స్వయంగా మందు వాడరాదు. వరిగడ్డి, ఊక, ఆకు కంటికి గీసుకొని కన్ను ఎర్రబడి తెల్లమచ్చ పడితే శిలీంధ్రవ్రణం కావచ్చును. కంటిలో ఆకుపసరు గాని, తేనె గాని, షాపువాడిచ్చిన చుక్కలు గాని వేయక, అదే దినం కంటివైద్యుని వద్దకు పోవలెను. మధుమేహులకు ముఖాన ఒకవైపు నొప్పి, కంటిచుట్టూ వాపు, ముక్కున నల్లని స్రావం కనబడితే 2021లో మనం చూచిన బ్లాక్ ఫంగస్‌ను అనుమానించి గంటల లెక్కన ఆసుపత్రికి చేరవలెను.

నాలుగు వారాలు సక్రమంగా వాడినా తగ్గనిచో ఆ మచ్చ తామరేనా అన్నది తేల్చుకొనవలెను. పొలుసును గీరి, పొటాషియం ద్రావణం వేసి సూక్ష్మదర్శినిలో చూచే పరీక్ష సులభమైనది, ఖర్చు తక్కువ. సొరియాసిస్, కొన్ని రకాల ఎగ్జిమాలు తామర వలె కనబడి మోసగించును.

వైద్యుని వద్దకు పోవునపుడు ఒక కాగితంపై ఇంటిలో వాడుతున్న చూర్ణాలు, కషాయాలు, నూనెలు, మాత్రలు, ట్యూబుల పేర్లన్నీ వ్రాసి తీసుకొని పోవలెను. ఆయుర్వేద వైద్యునికి ఇంగ్లీషు మందులను, ఇంగ్లీషు వైద్యునికి ఆయుర్వేద మందులను దాచరాదు. ఉభయులకు ఆ కాగితం చూపినప్పుడే ఏది ఎప్పుడు, ఎంత ఎడంతో వాడవలెనో, దేనిని మానవలెనో వారు సరిగా నిర్ణయింపగలుగుతారు.